ఆ నాన్న ఎవరి నాన్న?

హైదరాబాద్‌లో వారం మధ్యలో ఏదో ఒక కేఫ్ మేడ మీద ఓపెన్ మైక్ జరుగుతూనే ఉంటుంది. నలభై కుర్చీలు, ఒక స్టూలు, ఒక మైకు, వెనకాల ఇటుక గోడ. నిజం ఇటుకలు లేని చోట ఇటుకల బొమ్మ ఉన్న వాల్‌పేపర్ అంటించి ఉంటుంది. 1963లో న్యూయార్క్‌లో మొదలైన ఇంప్రవ్ అనే క్లబ్బు గోడ అది. అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. అంటే మనవాళ్లు నోరు తెరవకముందే వెనకాల ఒక అరువు గోడ ఉందన్నమాట.

ఈమధ్య అలాంటి ఒక సాయంత్రం నేను పెన్నూ కాగితం పట్టుకుని కూర్చున్నాను. పదకొండు మంది ఎక్కారు, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. అందులో ఏడుగురు బీటెక్ చదివారు, చదివిన సంగతే చెప్పారు. ఐదుగురి నాన్నలు వాళ్లని పక్కింటి అబ్బాయితో పోల్చారు. నలుగురి అమ్మలు చెప్పు విసిరారు. ముగ్గురు అమెరికా సంబంధాల మీద మాట్లాడారు. ఇద్దరు, ఆంధ్రా వాళ్లు కోపమొస్తే ఎలా తిడతారు, తెలంగాణ వాళ్లు ఎలా తిడతారు అని చేసి చూపించారు.

నవ్వులు రాలేదా అంటే వచ్చాయి. నేనూ నవ్వాను. మెట్లు దిగుతుంటే పక్కనున్న ఫ్రెండ్ "ఎవరు బాగా చేశారంటావ్?" అని అడిగితే మాత్రం ఆలోచనలో పడ్డాను. పదకొండు మందిలో ఇద్దరే గుర్తున్నారు. ఆ ఇద్దరూ వాళ్ల నాన్నల గురించే మాట్లాడారు. ఒకే విషయం మీద ఒకటి ఎందుకు అరిగిపోయినట్టుంది, ఇంకోటి ఎందుకు ఎప్పుడూ విననట్టుంది అన్నదే అప్పట్నుంచీ నన్ను తొలుస్తున్న ప్రశ్న.

మొదటి అబ్బాయి చురుకైనవాడు. ఎక్కడ ఆగాలో తెలుసు, ఎక్కడ గొంతు పెంచాలో తెలుసు. తొంభై ఆరు మార్కులొస్తే మిగతా నాలుగూ ఏమయ్యాయని అడిగే నాన్న కథ మొదలుపెట్టాడు. నాన్న డైలాగు రాగానే అతని గొంతు మారిపోయింది. తల అటూ ఇటూ ఊగింది. సినిమాల్లో విదేశీయులు మనల్ని వెక్కిరించడానికి వాడే ఇంగ్లీషు యాస ఒకటుంటుంది చూడండి, అది వచ్చేసింది. చివర్లో ఆ నాన్న కొడుకుని "బేటా" అన్నాడు. తనది తెనాలి దగ్గర పల్లెటూరని ఆ అబ్బాయే రెండు నిమిషాల ముందు చెప్పాడు. తెనాలి దగ్గర ఏ నాన్న కొడుకుని బేటా అంటాడు?

నాకు తెలిసిన నాన్నలు అసలు కొడుకులతో నేరుగా మాట్లాడరు. కొడుకు పక్కనే కూర్చుని అన్నం తింటుంటాడు. నాన్న అమ్మ వైపు తిరిగి "వాణ్ణి ఆ బండి సర్వీసింగుకి ఇమ్మను" అంటాడు. కొడుకు కూడా అమ్మతోనే "ఆదివారం ఇస్తానని చెప్పు" అంటాడు. అమ్మ ఇద్దరికీ ఏమీ చెప్పదు, పెరుగు వడ్డిస్తుంది. ఒకే ఇంట్లో, ఒకే భాష మాట్లాడే ఇద్దరు మగాళ్లు ఇరవై ఏళ్ల పాటు మధ్యలో దుబాసీని పెట్టుకుని బతికేస్తారు. ఇంతకంటే నవ్వొచ్చేది, ఏడుపొచ్చేది ఇంకేం కావాలి? ఆ సాయంత్రం ఐదుగురు నాన్నలు స్టేజీ ఎక్కారు గానీ ఒక్కరూ ఇలా లేరు.

మరి ఆ బేటా నాన్న ఎక్కణ్ణుంచి వచ్చాడు? చాలా దార్లలో వచ్చి ఉంటాడు. అందులో ఒక దారి మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. కెనడాలో పుట్టిన రసెల్ పీటర్స్ 2004లో అక్కడి టీవీలో చేసిన సెట్ ఇంటర్నెట్‌లో పడి ప్రపంచమంతా తిరిగింది. కొడతానని బెదిరించే ఇండియన్ నాన్న, ఆయన యాస మనలో చాలామందికి అక్కడే పరిచయం. పీటర్స్ విషయంలో ఆ యాస అరువుది కాదు. వాళ్ల నాన్న ఇండియా నుంచి వలస వెళ్లిన ఆంగ్లో ఇండియన్. ఇంట్లో ఒక దేశం, బడిలో ఇంకో దేశం ఉన్న పిల్లవాడికి ఆ యాసే నాన్నకీ తనకీ మధ్య దూరం. ఆ జోకంతా ఆ దూరంలోనే ఉంది. దాన్ని ఊడబెరికి ఇంగ్లీషు స్టాండప్‌లోకి, హిందీ స్టాండప్‌లోకి, రీల్స్‌లోకి, చివరికి తెనాలికి తెచ్చుకున్నాక మిగిలింది ఊగే తల ఒక్కటే. మన నాన్న మనకే ఎన్నారైగా తిరిగొచ్చాడు.

దీన్ని దొంగతనం అందామా? అనలేం. చట్టం వైపు నుంచి చూస్తే అసలే అనలేం. ఆలోచనకి కాపీరైట్ లేదు, దాన్ని చెప్పిన రూపానికే ఉంది అని మన సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. అది ఒక నాటకానికీ సినిమాకీ మధ్య తగాదా. జోకులకైతే అది ఇంకా గట్టిగా వర్తిస్తుంది, ఎందుకంటే నాలుగు మాటలు మారిస్తే రూపమే మారిపోతుంది. అందుకే కమెడియన్లు కోర్టుకెళ్లడం అరుదు. డోటన్ ఒలియార్, క్రిస్టఫర్ స్ప్రిగ్‌మన్ అనే ఇద్దరు అమెరికన్ లా ప్రొఫెసర్లు 2008లో దీని మీద పెద్ద వ్యాసమే రాశారు. కమెడియన్లు చట్టాన్ని పక్కనపెట్టి తమలో తామే కట్టుబాట్లు పెట్టుకున్నారని వాళ్లు చూపించారు. జోకు ఎత్తేసినవాడి గురించి నలుగురికీ చెప్తారు, వాడితో ఒకే షోలో చెయ్యమంటారు. మన ఊళ్లలో కులంలోంచి వెలెయ్యడం లాంటిదే.

కానీ ఆ కట్టుబాట్లు కాపాడేది ఓనరున్న జోకుని. అరిగిపోయిన జోకుకి ఓనరు లేడు. ఎవరి జేబూ కొట్టలేదు కాబట్టి ఫిర్యాదు చేసేవాళ్లూ ఉండరు.

ఇక్కడ ఇంకో మాట అడగొచ్చు. అసలు మన దగ్గర ఈ సొంతం, అరువు అన్న పట్టింపు ఎప్పుడుంది? ఎవరు రాశారో తెలియని చాటువులన్నీ తెనాలి రామకృష్ణుడి ఖాతాలోనో శ్రీనాథుడి ఖాతాలోనో వేసి శతాబ్దాలు నవ్వుకున్నాం. వేటూరి ప్రభాకరశాస్త్రి వాటిని చాటుపద్యమణిమంజరిగా పోగుచేసేదాకా అవి నోటి నుంచి నోటికే బతికాయి. హరికథలో పిట్టకథ ఎవరిదని ఎవరడిగారు? స్టాండప్ రాకముందు తెలుగు స్టేజీ మీద ఒక్క మనిషి మైకు పట్టుకుని నవ్వించడమంటే మిమిక్రీయే. నేరెళ్ల వేణుమాధవ్ పేరు తెలియని ఇల్లు లేదు. ఆ కళంతా అనుకరణే కదా?

ఇది మంచి వాదనే. కానీ మిమిక్రీ ఆర్టిస్టు ముందే చెప్తాడు: ఇప్పుడు ఎస్వీ రంగారావు గారు. ఆ గొంతు తనది కాదని వినేవాళ్లకి తెలుసు, ఎంత దగ్గరగా వెళ్లాడా అన్నదే అందులో ఆనందం. చాటువు చెప్పేవాడు కూడా 'ఇది నా జీవితం' అనడు. స్టాండప్ పెట్టుకున్న ఒప్పందమే వేరు. ఇక్కడ మనిషి తన పేరుతో, తన మామూలు బట్టల్లో నిలబడి "మొన్న మా ఇంట్లో ఏం జరిగిందంటే" అంటాడు. వేషం లేదు, పద్యం లేదు, రాగం లేదు. ఆ 'మా' అన్న ఒక్క అక్షరం మీదే మొత్తం కళ నిలబడి ఉంది. ఆ 'మా' అబద్ధమైతే ఇక మిగిలింది వాట్సాప్ ఫార్వర్డు.

అయినా నవ్వాం కదా. ఎందుకు నవ్వాం? ఇలాంటి జోకుల్ని "రిలేటబుల్" అంటారు. మా ఇంట్లోనూ అంతే, అందుకే నవ్వొచ్చింది అంటారు. నా సంగతి చెప్తాను. మా నాన్న నన్ను ఎప్పుడూ ఎవరితోనూ పోల్చలేదు. పోల్చాలంటే నాకు ఎన్ని మార్కులొచ్చాయో ఆయనకి తెలియాలి. ఆయనకి ఆ గొడవే లేదు. మరి పక్కింటి అబ్బాయి జోకుకి నేనెందుకు నవ్వాను? నేను గుర్తుపట్టింది ఇంటిని కాదు, జోకుని. ఇక్కడ నవ్వాలని తెలుసు, కాబట్టి నవ్వాను. నవ్వకపోతే ఈ నలభై కుర్చీల్లో నాదొక్కటే వేరే ఊరి కుర్చీ అయిపోతుంది.

నాకు భయం వేసేది ఇక్కడే. అరిగిపోయిన జోకు బోరు కొడితే పర్వాలేదు, బోరు కొట్టడం పెద్ద నేరం కాదు. కానీ పదిసార్లు నవ్వేసరికి అదే మన జ్ఞాపకమై కూర్చుంటుంది. ఆ హాల్లో ఆటో నడిపిన నాన్నలున్నవాళ్లుంటారు, అరవై మార్కులొస్తే స్వీట్లు పంచిన ఇళ్లుంటాయి, నాన్నే లేని పిల్లలుంటారు. వాళ్లందరూ ఒకే నాన్నకి నవ్వడం నేర్చుకుంటున్నారు. రేపు వాళ్లలో ఒకరు మైకు పట్టుకుంటే ఆ నాన్న గురించే చెప్తారు, తమ నాన్న జోకుకి పనికిరాడనుకుని.

ఇది మనకొక్కరికే వచ్చిన తంటా కాదు. రిచర్డ్ ప్రయర్ అరవైల్లో పేరు తెచ్చుకున్నది బిల్ కాస్బీ నీడలో. అందరికీ నచ్చే, ఎవర్నీ ఇబ్బంది పెట్టని జోకులు చెప్పేవాడు. 1967లో లాస్ వేగాస్‌లో అలాద్దీన్ హోటల్ స్టేజీ ఎక్కి, నిండిన హాలుని చూసి, సగంలో దిగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కొన్నేళ్లకి ఆయన మాట్లాడిన విషయాలు వేరు. ఇలినాయ్ రాష్ట్రం పియోరియాలో నాయనమ్మ నడిపిన వేశ్యాగృహంలో పెరిగిన బాల్యం, అక్కడి తాగుబోతులు, తన గుండెపోటు. 1979లో వచ్చిన లైవ్ ఇన్ కాన్సర్ట్‌లో ఆయన గుండే ఒక పాత్రగా మారి ఆయన్నే నేలమీద పడేసి దబాయిస్తుంది. గుండెపోటు కొత్త విషయం కాదు, ఎంతోమందికి వస్తుంది. కానీ ఆ దబాయింపు ప్రయర్ ఒక్కడిదే. వేరేవాళ్లు మాట పొల్లుపోకుండా అప్పజెప్పినా అది వాళ్లది కాదు.

కాబట్టి తప్పు విషయానిది కాదు. బీటెక్ మీద, నాన్న మీద, భార్య మీద జోకులు వెయ్యకూడదని చెప్పేవాళ్లతో నాకు పేచీ ఉంది. భార్య మీద జోకు కంటే అరిగిపోయింది ప్రపంచంలో ఇంకోటుందా? ముక్కు తుడుచుకున్న రుమాలు లాంటిది అది. కానీ ముని మాణిక్యం నరసింహారావు దాంతోనే కాంతం కథలు రాశారు. బడిపంతులు, చాలీచాలని జీతం, ఇంట్లో భార్య. అంతే సరుకు. వాటిలో నవ్వులపాలయ్యేది చాలాసార్లు కాంతం కాదు, కథ చెప్తున్న మొగుడు. ఆయన గొప్పలు, ఆయన అలక, ఆవిడ ముందు ఆయన తెలివి చెల్లకపోవడం. సరుకు పాతదే. గురి మాత్రం తన వైపే తిప్పుకున్నాడు.

ఇప్పుడు రెండో నాన్న. ఈ అమ్మాయి తొమ్మిదో నంబర్లో ఎక్కింది. పెళ్లిచూపులు అనగానే నేను పెన్ను మూసేశాను. ఆమె పెళ్లిచూపుల దాకా వెళ్లనే లేదు. వాళ్ల నాన్న కంప్యూటర్లో చేసిన తన బయోడేటా ఫైలు దగ్గర ఆగిపోయింది. (ఆమెని అడిగే రాస్తున్నాను. ఇలా రాసెయ్యడం ఆమెకి నష్టమని తెలుసు.) ఫైలు పేరు ఫైనల్. తర్వాత ఫైనల్ టూ. తర్వాత కరెక్టెడ్ ఫైనల్. ఒక్కో ఫైలుకీ ఆమె ఒక అర అంగుళం పొడుగవుతుంది, జీతం కొంచెం పెరుగుతుంది, వీణ నేర్చుకుంటుంది. "ఏడో ఫైలు కొచ్చేసరికి ఆ అమ్మాయిని చూస్తే నాకే కుళ్లొచ్చింది" అంది. హాలు నవ్వింది. ఆమె ఆగి, గొంతు మార్చకుండా, "నా ఇరవై ఆరేళ్లలో మా నాన్న నా గురించి మంచిగా చెప్పింది ఆ ఫైల్లోనే. అదీ వేరేవాళ్లకి పంపడానికి" అంది.

ఒక క్షణం ఎవరూ నవ్వలేదు. తర్వాత వచ్చిన నవ్వు ఇంతసేపూ విన్న నవ్వు కాదు. అది గుర్తుపట్టిన నవ్వు కాదు, పట్టుబడిన నవ్వు. ఆ నాన్న తల ఊపలేదు, బేటా అనలేదు, అసలు స్టేజీ మీద ఒక్క మాటా మాట్లాడలేదు. అయినా ఆయన కళ్లజోడు కూడా నాకు కనిపించింది.

కమెడియన్లనే తప్పుపట్టి లాభం లేదు. ఐదు నిమిషాల్లో పరిచయం లేని నలభై మందిని దారికి తెచ్చుకోవాలంటే తెలిసిన తలుపే తట్టాలనిపిస్తుంది. ముప్పై సెకన్ల రీల్లో ఆ క్షణం నిశ్శబ్దానికి చోటుండదు, వేలు పైకి తోసేస్తుంది. మనం కూడా తెలిసిన పాటకి వన్స్‌మోర్ కొట్టే జాతివాళ్లం. కాకపోతే వినేవాళ్ల చేతిలో ఒక చిన్న పరీక్ష ఉంది: ఈ జోకుని పక్కన కూర్చున్న ఇంకో కమెడియన్‌కి ఇస్తే, ఊరి పేరు మార్చుకుని యథాతథంగా చెప్పేయగలడా? చెప్పేయగలిగితే అది ఎవరిదీ కాదు. ఆ అమ్మాయి ఫైలుని ఎవరికీ ఇవ్వలేం.

ఇంటికొచ్చాక నాన్న గురించి నాకేం తెలుసని ఆలోచించాను. నేను ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లూ ఊళ్లో ఎవరడిగినా ఆయన "కంప్యూటర్లు" అని చెప్పేవాడు. నాది సివిల్. ఒకసారి అమ్మ సరిదిద్దబోతే, "అదే, ఆ కంప్యూటర్లలో సివిలు" అన్నాడట. ఆ మాట నాకు అమ్మ చెప్పింది. ఆయన నాతో అనలేదు.

ఇది స్టేజీ మీద పేలుతుందో లేదో నాకు తెలీదు. మా నాన్న మాత్రం ఈయనే.