మూడో నెల జీతాలు

మొదటి నెల హాయిగా గడుస్తుంది. ఒకరు ఇచ్చిన పెట్టుబడి చేతిలో ఉంటుంది, పాడే పిల్లలు నలుగురు దొరికి ఉంటారు, ప్రాక్టీసు గది సిద్ధమవుతుంది. రెండో నెల తొలి పాట బయటికొస్తుంది. మూడో నెల జీతాల వేళకు పద్దు చూస్తే, ఉన్నది ఇద్దరికే సరిపోతుంది. ఒంటిమిట్టలో చెరువు వైపున్న ఒక మిద్దింట్లో, చైత్రమాసపు ఉక్కలో, ఫ్యాను కింద కంప్యూటర్ ముందు కూర్చున్న ఈ వ్యాసకర్త మూడుసార్లు సరిగ్గా ఇక్కడే దివాలా తీశాడు. నాలుగోసారి పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకుని మొదలుపెట్టాడు.

ఆట పేరు ఐడల్ మేనేజర్. గ్లిచ్ పిచ్ అనే స్టూడియో తయారుచేసిన ఈ ఆట 2021లో కంప్యూటర్లకు వచ్చింది. ఇందులో ఆడేవాడు గాయకుడు కాదు, సంగీత దర్శకుడూ కాదు. జపాన్‌లో అమ్మాయిల పాటల బృందాన్ని నడిపే ఒక చిన్న కంపెనీకి మేనేజరు. ఆడిషన్ పెడితే ఖర్చు. వచ్చినవాళ్లలో ఒకరికి గొంతు బాగుంటుంది, ఒకరికి నాట్యం బాగుంటుంది, ఇంకొకరికి నవ్వించే మాట ఉంటుంది. అన్నీ ఉన్నవాళ్లు దొరకడం అరుదు. పాట విడుదల చేసే ముందు అది ఏ తరహాదో, సాహిత్యం ఎలాంటిదో, స్టెప్పులు ఎలా ఉండాలో, మధ్యలో ఎవరు నిలబడాలో, ప్రచారానికి ఎంత పెట్టాలో తేల్చుకోవాలి. ప్రతి అమ్మాయికీ ఒంటి ఓపికను చూపే గీత ఒకటి, మనసు ఓపికను చూపే గీత ఒకటి ఉంటాయి. విశ్రాంతి ఇవ్వకుండా పని చేయిస్తే రెండూ కరిగిపోతాయి.

ఈ తరహా ఆటలకు నలభై ఏళ్ల చరిత్ర ఉంది. 1984లో జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే చిన్న ఇంటి కంప్యూటర్ కోసం ‘ది బిజ్’ అనే ఆట వచ్చింది. దాన్ని తయారుచేసిన క్రిస్ సీవీ మాంచెస్టర్‌కు చెందిన పాటగాడు. ‘ది ఫ్రెషీస్’ అనే బృందం నడిపేవాడు. 1981లో ఒక రికార్డుల దుకాణంలో బిల్లు వేసే అమ్మాయి మీద కట్టిన పాట బ్రిటన్ పాటల అమ్మకాల పట్టికలో 54వ స్థానం దాకా వెళ్లి ఆగింది. దుకాణం పేరు పాటలో ఉందని ఆ మాట మార్చి మళ్లీ పాడాల్సి వచ్చింది. 1983లో ఆయన ఇంకో పని చేశాడు. ‘కామఫ్లాజ్’ అనే పాటను గ్రామఫోన్ రికార్డుగా తెచ్చి, రెండో వైపు కంప్యూటర్ ప్రోగ్రాములను ధ్వని రూపంలో ఎక్కించాడు. ఆ మరుసటి ఏడాదే ఆట రాశాడు. పట్టికలో పైకెక్కడం ఎంత కష్టమో తన ఒంటి మీద తెలిసినవాడు రాసిన లెక్క అది. ఆట క్యాసెట్టు రెండో వైపున తన పాటలే పెట్టాడు.

1988లో కోడ్‌మాస్టర్స్ సంస్థ ‘రాక్ స్టార్ ఏట్ మై హామ్‌స్టర్’ తెచ్చింది. పత్రికల్లో పతాక శీర్షికలు బృందాన్ని ఎలా లేపుతాయో, ఎలా కూలుస్తాయో దాని విషయం. 2014లో బ్రిటన్ ప్రభుత్వ మేధో సంపత్తి కార్యాలయం కూడా ముందుకొచ్చి, అక్కడి సంగీత సంస్థలతో కలిసి ‘మ్యూజిక్ ఇంక్’ అనే ఫోన్ ఆట తయారుచేయించింది. పాటను దొంగతనంగా దించుకుంటే ఎవరి కంచంలో అన్నం తగ్గుతుందో పిల్లలకు తెలియాలని ఆ ప్రయత్నం. ఒక ప్రభుత్వం చట్టం చెప్పడానికి ఆటను ఎంచుకుందంటే, ఆట చెప్పినంత బాగా కరపత్రం చెప్పలేదని దానికి అర్థమైనట్టే.

నోటుబుక్కు సంగతికొస్తే, అందులో మూడే గడులు. వచ్చింది, పోయింది, అలసింది. మూడో గడి గీసుకున్నాకే ఆట నిలబడింది. డబ్బు తగ్గినప్పుడు చేయి మొదట జీతాల మీదికే పోతుంది. జీతం కోసేస్తే ఆ నెల గండం గడుస్తుంది, కానీ మనసు ఓపిక గీత జారుతుంది. మధ్యలో నిలబడాల్సిన పిల్ల కచేరీ రోజున మూలన కూర్చుంటుంది. టికెట్ల డబ్బు మొత్తం అక్కడ పోతుంది. నాలుగోసారి ఆడినప్పుడు వ్యాసకర్త ప్రచారం ఖర్చును సగానికి దించి, జీతాలు ముట్టకుండా, రెండో పాటను మూడు వారాలు వెనక్కి జరిపాడు. మూడో నెల దాటింది. ఏడో నెలలో ఐదో అమ్మాయిని తీసుకోగలిగాడు.

ఆ సాయంత్రమే మామ వచ్చాడు. వరసకు మామ కాదు, ఊరి వాడుకలో మామ. పక్క పల్లెలో చెక్క భజన గురువు. పదహారు మంది కుర్రాళ్ల బృందాన్ని కట్టి, కోదండరాముని బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు ఆడించడానికి వచ్చాడు. ఒంటిమిట్టలో ఆ రోజుల్లో వీధి వీధంతా భజన బృందాలే. మామ చెక్కలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఏళ్ల తరబడి చెమట ఇంకి ఆ కొయ్య నల్లబడింది. ఇత్తడి బిళ్లల అంచులు అరిగి పలచబడ్డాయి. ఒక బిళ్ల ఊడితే అక్కడ సైకిలు ట్యూబు ముక్క చుట్టి బిగించాడు. దానివల్ల ఆ ఒక్క చోట చప్పుడు కాస్త మంద్రంగా పలుకుతుంది. ఆయన దాన్ని మార్చలేదు. “ఆ సప్పుడుతోనే పిలకాయలు అడుగు మారుస్తారు నాయనా” అన్నాడు.

చాలాసేపు తెర వైపు చూసి అడిగాడు: “ఈ పిల్ల పాడిన పాట వచ్చే ఏడాది గూడా జనం వింటే, ఆ పిల్లకేమన్నా వస్తాదా?”

“రాదు మామా. జీతమే.”

“రాసినోనికి?”

ఆటలో రాసినవాడే కనబడడు. సాహిత్యం ఒక ఎంపిక, అంతే. వరస కట్టినవాడూ అంతే. వ్యాసకర్త నాలుగు ఆటల్లో గమనించని లోటును మామ పావుగంటలో పట్టుకున్నాడు.

పాటకు లెక్క అనేది ఈ నేలకు కొత్త కాదు. కడప జిల్లాలోనే చక్రాయపేట మండలంలో సురభి అనే పల్లె ఉంది. 1885లో అక్కడ ఒక పెళ్లిలో వనారస గోవిందరావు బృందం కీచక వధ నాటకం ఆడింది. అంతకు ముందు వాళ్లది తోలుబొమ్మలాట. ఆ రోజు నుంచి బొమ్మల స్థానంలో మనుషులు వచ్చారు, ఊరి పేరే నాటక సమాజం పేరయింది. సురభి వాళ్ల పద్ధతిని మేనేజరు కంటితో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. నటులూ, గాయకులూ, హార్మోనియం వాయించేవాడూ, తెరలు లాగేవాడూ, దీపాలు చూసేవాడూ అందరూ ఒకే కుటుంబం. పొయ్యి ఒకటి, పద్దు ఒకటి. ఆడ పాత్రలను ఆడవాళ్లే వేసేవారు. కుటుంబం పెరిగి పోషణ కష్టమైనప్పుడు చీలి, కొత్త సమాజం కట్టుకుని ఇంకో దిక్కు ఊళ్లకు వెళ్లేవారు. అలా సమాజాలు పదుల సంఖ్యకు చేరాయి. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో ఆడి పాడిన వాళ్లలోనూ సురభి వాళ్లున్నారు. ఆ సినిమా తెచ్చిన కొత్త అలవాటే తర్వాత వాళ్ల డేరాలను ఖాళీ చేసింది. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని సమాజాలే మిగిలాయి.

ఒంటిమిట్ట నుంచి తిరుపతి దారిలో నందలూరు దాటి పోతే తాళ్లపాక. అన్నమయ్య 32 వేల సంకీర్తనలు చెప్పాడని మనవడు చిన్నన్న రాసిపెట్టాడు. దొరికినవి అందులో సగం కూడా లేవు. దొరికినంతైనా దొరకడానికి కారణం రాగిరేకులు. కొడుకు పెద తిరుమలాచార్యుడి కాలంలో పాటలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో ఒక చిన్న అరలో భద్రపరిచారు. రాగి ఖరీదు, చెక్కేవాళ్ల కూలి, వేల రేకులు. ఒక్క పాటా అమ్మకానికి కాదు. పాటను మిగల్చడానికి ఒక ఇల్లు పెట్టిన ఖర్చు అది. అయితే రేకుల మీద మాటలున్నాయి, రాగం పేరుంది, వరస లేదు. ఈ రోజు మనం పాడుకునే అన్నమయ్య వరసల్లో చాలా మటుకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటి వారు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. ఒకే కీర్తనలో మాట అయిదు వందల ఏళ్లనాటిది, వరస నిన్నటిది. ఎవరి వాటా ఏదన్న ప్రశ్న అక్కడే పుడుతుంది.

ఆ ప్రశ్నకు మన చట్టం ఆలస్యంగా జవాబిచ్చింది. కాపీరైట్ చట్టం 1957లో వచ్చింది. పాటలు రాసేవాళ్లు, వరసలు కట్టేవాళ్లు కలిసి 1969లో ఐపీఆర్‌ఎస్ అనే సంఘం పెట్టుకున్నారు. 1977లో సుప్రీంకోర్టు తీర్పు వాళ్లకు ఎదురుదెబ్బ అయింది. నిర్మాత డబ్బిచ్చి సినిమా కోసం చేయించుకున్న పాటకు, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతే తొలి హక్కుదారు అన్నది దాని సారం. ఆ తీర్పులోనే జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా ఒక మాట రాశారు. పాడేవాళ్ల కళకు మన చట్టంలో రక్షణ లేదని, చట్టసభ ఆ సంగతి చూడాలని. రాసేవాళ్ల, వరస కట్టేవాళ్ల వాటా సంగతి తేలడానికి మాత్రం 35 ఏళ్లు పట్టింది. 2012 సవరణతో, సినిమా పాటైనా సరే, హాల్లో సినిమాగా ఆడినప్పుడు తప్ప మిగతా వాడకాలన్నిటికీ రచయితకూ సంగీతకర్తకూ, హక్కులు తీసుకున్నవాళ్లతో సమానంగా, రాయల్టీ వాటా దక్కాలని తేలింది. ఆ వాటాను వారసులకో, కాపీరైట్ సంఘానికో తప్ప ఎవరికీ రాసివ్వడానికి వీల్లేదు. సంతకం పెట్టినా చెల్లదు.

ఆ చట్టం వేడి సామాన్య జనానికి తగిలింది 2017లో. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తుండగా, తాను వరస కట్టిన పాటలు అనుమతి లేకుండా వేదిక మీద పాడరాదంటూ సంగీత దర్శకుడు ఇళయరాజా తరఫున లీగల్ నోటీసు వచ్చింది. మిగతా కచేరీల్లో ఆ పాటలు పాడనని బాలు ఫేస్‌బుక్‌లో చెప్పారు. పాడినవాడికి పాట మీద హక్కు లేదా అని తెలుగు ఇళ్లలో భోజనాల దగ్గర వాదనలు నడిచాయి. 2019లో ఇద్దరూ మళ్లీ ఒకే వేదికెక్కారు, అందరూ సంతోషించారు. ప్రశ్న మాత్రం మిగిలింది. కట్టినవాడు, రాసినవాడు, పాడినవాడు, డబ్బు పెట్టినవాడు, ఈ నలుగురిలో ఏ వాడకానికి ఎవరి అనుమతి కావాలో మన పిల్లలకు బడిలో చెప్పేవాళ్లు లేరు.

ఆట అక్కడ పనికొస్తుంది. తెలుగు పాట నడిచే తీరు జపాన్ తీరు కాదు. ఇక్కడ పాట ఎక్కువగా సినిమాతో పుడుతుంది. ఆడియో హక్కులు తరచూ సినిమా విడుదలకు ముందే కంపెనీకి అమ్ముడుపోతాయి. గాయకుడికి చాలాసార్లు ఒక్కసారి ఇచ్చే పారితోషికమే. సినిమా బయట భజన గురువులు, హరికథకులు, యూట్యూబులో జానపదాలు పాడే పిల్లలు ఉన్నారు. ఈ మనుషులతో, ఈ జమాఖర్చుతో ఒక తెలుగు ఆట రావాలి. హైదరాబాద్‌లో ఆటలు తయారుచేసే చేతులకు కొరత లేదు. అందులో జీతాల గడి పక్కన రాయల్టీ గడి ఉండాలి. ఒప్పందం కాగితం తెర మీద పూర్తిగా కనబడాలి, చదవకుండా సంతకం పెడితే దాని ఫలితం ఇరవయ్యో నెలలో తెలియాలి.

మామ ఆ ప్రశ్న అడగడానికి ఒక కారణం ఉంది. తాతల నాటి రాముడి పాట ఒకదానికి ఆయన మూడు చరణాలు సొంతంగా కట్టి, అడుగుకు తగ్గట్టు వరస మార్చాడు. ఒక యూట్యూబ్ ఛానెల్ వాళ్లు వచ్చి, చెరువు గట్టు మీద బృందాన్ని ఆడించి తీసుకుని, అయిదు వేలు చేతిలో పెట్టి, ఒక కాగితం మీద సంతకం చేయించుకున్నారు. ఆ డబ్బు వ్యాను బాడుగకూ, కుర్రాళ్ల గజ్జెలకూ సరిపోయింది. ఆ పాట ఇప్పుడు పెళ్లి ఊరేగింపుల్లో మోగుతోంది. మామ పేరు ఎక్కడా లేదు.

ఆ కాగితం ఆయన సంచిలోనే ఉంది, భజన పద్దు పుస్తకంలో మడతపెట్టి. ఆట ఆపి ఇద్దరూ దాన్ని చదివారు. తాతల పాట ఎవరి సొత్తూ కాదు, కానీ మామ కట్టిన మూడు చరణాలు మామవే. సినిమాలో లేని పాటకైనా రాసినవాడి రాయల్టీ వాటా వదులుకోవడానికి వీల్లేదన్న మాట 2012 సవరణలోనే ఉంది. హక్కులు రాసిచ్చే కాగితంలో ఏ పాట, ఏ హక్కు, ఎన్నేళ్లు, ఏ ప్రాంతం, ఎంత రాయల్టీ అన్నవి ఉండాలని చట్టంలోని 19వ సెక్షన్ చెబుతోంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. గడువు రాయకపోతే సంతకం పెట్టిన నాటి నుంచి అయిదేళ్లే.

పాటలు కట్టేవాళ్లు, పాడేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఇంట్లో అలాంటి కాగితం ఉంటే, ఈ వారమే తీసి ఆ అయిదు సంగతులూ వెతకండి. మామ కాగితంలో గడువు రాయలేదు. వచ్చే ఉగాదికి అయిదేళ్లు నిండుతాయి.