జిగురు ఖర్చు

ఈ వారం ఒక ఆహ్వానం వచ్చింది. స్టార్ హోటల్లో ఒకరోజు వర్క్‌షాప్, మధ్యాహ్నం బఫే, సాయంత్రం సర్టిఫికెట్. ప్రాచీన చైనా సేనాని సున్ జు రాసిన యుద్ధనీతితో మార్కెట్‌ను ఎలా గెలవాలో నేర్పుతారట. కార్డు మీద గడ్డం పెంచిన చైనా పెద్దాయన, చేతిలో కత్తి. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత గొడవ తెలిసిందే. సబ్బులు అమ్ముకునేవాళ్లు తమ గదికి 'వార్ రూమ్' అని పేరు పెట్టుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇలాంటి చోట తప్పకుండా వినిపించే కథ ఒకటుంది. చైనా చరిత్రకారుడు సిమా చియెన్ రాసిన చరిత్రలోది. వూ రాజ్యాన్ని ఏలే హేలూ, సున్ జు పుస్తకం చదివి, ఆడవాళ్లకు కూడా కవాతు నేర్పగలవా అని అడిగాడు. నేర్పుతానన్నాడాయన. అంతఃపురం నుంచి 180 మందిని రప్పించి, రెండు దళాలు చేసి, రాజుకు బాగా ఇష్టమైన ఇద్దరిని దళనాయికలుగా నిలబెట్టాడు. డప్పు మోగింది. అందరూ పకపకా నవ్వారు. ఆజ్ఞ స్పష్టంగా లేకపోతే తప్పు సేనానిదే అని, మళ్లీ మొదటి నుంచి వివరించాడు. మళ్లీ నవ్వారు. ఈసారి తప్పు నాయికలదన్నాడు. రాజు వద్దు వద్దంటున్నా ఇద్దరి తలలూ తీయించాడు. ఆ తర్వాత డప్పు మోగితే ఒక్క గొంతూ లేవలేదు.

ట్రైనర్లకు ఇందులో క్రమశిక్షణ కనిపిస్తుంది. మొదటి నవ్వుకు తప్పు తన మీద వేసుకున్నాడన్న సంగతి మాత్రం వాళ్ల స్లైడ్లలోకి ఎక్కదు. అన్నట్టు, ఆ కాలపు యుద్ధాలను పూసగుచ్చినట్టు చెప్పే జువో జువాన్ అనే గ్రంథంలో సున్ జు పేరే లేదు. కథ జరిగిందో లేదో పండితులకు అనుమానమే. మంచిదే, ఇద్దరి ప్రాణాలు దక్కినట్టు.

సున్ జు పుస్తకంలో పదకొండో అధ్యాయం ఇంకా గడుసుది. సైనికులను పైకెక్కించి నిచ్చెన లాగేయమంటుంది, గొర్రెలను తోలినట్టు తోలమంటుంది, ఎక్కడికి పోతున్నారో వాళ్లకు తెలియనివ్వొద్దంటుంది. మన ఆఫీసుల్లో కుదిరే పనేనా? గొర్రె జేబులో నౌకరీ యాప్ ఉంటుంది. నోటీస్ పీరియడ్ ముగిసేలోగా అవతలి కంపెనీ ఆఫర్ లెటర్ కూడా వచ్చేస్తుంది.

ఇక్కడితో పుస్తకాన్ని అటకెక్కించేవాణ్ణే, రెండో అధ్యాయం లేకపోతే. అందులో వీరత్వం కన్నా లెక్కలెక్కువ. తేలిక రథాలు వెయ్యి, బరువు రథాలు వెయ్యి, లక్ష మంది సైనికులు, దూరాలకు మోసే తిండి, వచ్చిపోయే దూతలు, చివరికి ఆయుధాల మరమ్మతుకు కావలసిన జిగురు, పూత. అన్నీ కలిపి రోజుకు వెయ్యి బంగారు ముక్కలు. సైన్యం దిగిన చోట ధరలు మండుతాయనీ, యుద్ధం సాగదీసి బాగుపడ్డ రాజ్యం లేదనీ రాశాడు. జిగురు ఖర్చు కూడా మర్చిపోని సేనాని మీద నాకు గౌరవం పుట్టుకొచ్చింది.

ఆయన దేశంలోనే జరిగిన ఒక ముచ్చట చూడండి. చైనాలో ఏటా వంద కోట్ల డాలర్లు పోగొట్టుకుంటున్నామని 2016లో ఉబర్ అధిపతి ట్రావిస్ కలానిక్ స్వయంగా చెప్పాడు. డ్రైవర్లకు బోనస్‌లు, ఎక్కేవాళ్లకు డిస్కౌంట్లు. అవతల పోటీ కంపెనీ దిది కూడా అదే ధోరణిలో ధారపోస్తోంది. ఆ ఆగస్టులోనే ఉబర్ తన చైనా వ్యాపారాన్ని దిదికి అప్పగించి, బదులుగా దాంట్లో వాటా పుచ్చుకుంది. ఓడిపోయి పారిపోయిందన్నారు చాలామంది. రెండో అధ్యాయం పక్కన పెట్టుకుని చూస్తే ఆ ఏడాది ఉబర్ చేసిన తెలివైన పని అదే. మొదలుపెట్టిన తీరు వేరే సంగతి.

కాబట్టి సున్ జును ఆఫీసులోకి రానివ్వొచ్చనే అంటాను. ఎండీ గదిలోకి కాదు, అకౌంట్స్ సెక్షన్‌లోకి. డిస్కౌంట్ల బడ్జెట్‌పై సంతకం పడకముందు ఆ ఒక్క అధ్యాయం చదివించండి. ఒకటి రెండు పేజీలే. స్టార్ హోటల్ అక్కర్లేదు.