మహమ్మారి కాలపు నగర హత్యలు – ఒక పరిశోధన పరిశీలన

అంటురోగము వ్యాపించిన కాలమున మరణములన్నియు రోగము వలననే కలుగవు. మనుష్యుల చేతిలో మనుష్యులు చనిపోవుట గూడ ఆ కాలపు లెక్కలో చేరును. కోవిడ్ కాలమున నగరములలో హత్యలు పెరిగినవా, తగ్గినవా? ఈ విషయమున ముఖ్యముగా చెప్పదగినది అమీ నివెట్, మాన్యుయెల్ ఐస్నర్ మున్నగువారు 2021లో 'నేచర్ హ్యూమన్ బిహేవియర్' పత్రికలో ప్రకటించిన పరిశోధన.

వీరు 23 దేశములలోని 27 నగరముల పోలీసు లెక్కలను తీసికొని, ప్రజలు ఇండ్లు కదలరాదను ఆంక్షలకు ముందు, తరువాత నేరముల సంఖ్యను పోల్చిరి. మొత్తముమీద నేరములు 37 శాతము తగ్గినవి. దొంగతనములు 47 శాతము, దారిదోపిడులు 46 శాతము తగ్గగా, హత్యలు మాత్రము 14 శాతమే తగ్గినవి.

ఈ తేడాకు కారణమేమి? 1979లో కోహెన్, ఫెల్సన్ అను శాస్త్రజ్ఞులు ఒక సిద్ధాంతమును ప్రతిపాదించిరి. నేరము చేయదలచినవాడు, అందుకు అనువైన వ్యక్తి లేక వస్తువు, కావలి లేకపోవుట – ఈ మూడును ఒకచోట కలిసిననే నేరము జరుగును. వీధులు నిర్మానుష్యమైనచో జేబుదొంగకు పని యుండదు. కాని ఇంటిలోని హింసకు, ముఠాల పగలకు వీధిలో జనసమ్మర్దముతో పని లేదు. పరిశోధకుల వివరణ యిదియే. ఇది సమంజసముగనే యున్నది. నగరమునకును నగరమునకును చాల భేదమున్నదని వారే చెప్పుట మెచ్చదగినది.

అయినను రెండు లోపములను గమనింపవలెను. మొదటిది, చిన్న సంఖ్యల చిక్కు. నెలకు 7 హత్యలు జరుగు నగరమున ఒక్కటి తగ్గినను అది 14 శాతమగును. అట్టి మార్పు కేవలము యాదృచ్ఛికముగ గూడ రావచ్చును. రెండవది, కాలపరిమితి. ఈ పరిశీలన 2020 నాటి తొలి ఆంక్షల కాలమునకే సంబంధించినది. మహమ్మారి అంతటితో ముగియలేదు.

తరువాతి కథకు అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరము మంచి ఉదాహరణము. అచట 2019లో సుమారు 350 హత్యలు జరిగెను. 2020లో 499, 2021లో 562 జరిగెను. అమెరికా దేశమంతట హత్యల రేటు లక్ష జనాభాకు 6.0 నుండి 7.8కి ఒక్క యేడాదిలో పెరిగినది. తొలి నెలల లెక్కను మాత్రమే చూచినవారు ఈ పెరుగుదలను ఊహింపజాలరు.

అట్లని వైరసే హత్యలు చేయించినదనుట తగదు. అదే వైరసు లండనులోను వ్యాపించినది. అచట 2020లో హత్యలు 2019 కంటె తగ్గినవి. అమెరికాలో 2020లో జరిగిన హత్యలలో 79 శాతము తుపాకులతో జరిగినవే. ఆ యేడు తుపాకుల కొనుగోళ్లు విపరీతముగ పెరిగెను. పాఠశాలలు, యువజన కేంద్రములు మూతపడెను. మే 25న మినియాపొలిస్‌లో జార్జి ఫ్లాయిడ్ పోలీసు చేతిలో మరణించిన పిదప ప్రజలకు పోలీసులపై నమ్మకము మరింత సడలెను. ఇన్ని కారణములు ఒకే కాలమున పెనవేసికొనగా, ఏ ఒక్కదాని పాలు ఎంతయో విడదీయుట కష్టము. తగవు ఎచటనైన రావచ్చును. అది చావుగా మారుట చేతనున్న ఆయుధముపై చాలవరకు ఆధారపడును.

ఈ వివేచన వట్టి పండితచర్చ కాదు. రోగమే కారణమనుకొన్నచో, రోగము పోవువరకు చేయదగినది లేదని పాలకులు ఊరకుండవచ్చును. ఫిలడెల్ఫియాలో హత్యలు 2024 నాటికి 269కి దిగినవి. ఇది మహమ్మారికి ముందటి సంఖ్య కంటె గూడ తక్కువ. కావున ఈ మరణములు తప్పించరానివి కావు.

ఉపాధ్యాయులు ఈ పరిశోధనను తరగతిలో చర్చింపదగును. సగటు సంఖ్య కనబడినపుడు అది ఎన్ని నగరములది, ఎంత కాలమునది, మూలసంఖ్య ఎంత అను మూడు ప్రశ్నలు అడుగుట విద్యార్థులకు అలవడినచో, దీనిని చదివిన శ్రమ ఫలించినట్లే.