మెట్టుమీది వ్రేలు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గట్టు, గద్వాల ప్రాంతములను నడిగడ్డ యని పిలుచుట వాడుక. ఆ సీమలోను, వనపర్తి దాటి నాగర్‌కర్నూలు మీదుగా నల్లమల యంచు వఱకును, విద్యల ప్రసక్తి వచ్చినంతనే సంస్థానముల పండితసభలు స్మృతికి వచ్చును. విద్వద్గద్వాల యను ప్రఖ్యాతి అట్టి సభలవలననే కలిగినది. ఆ సభలయెడ నాకు గల గౌరవము కొద్దిది కాదు. అయినను, ఆస్థానపు గడప త్రొక్కక, ఊరూరు తిరిగి, వాకిట నిలిచి కథ చెప్పి కడుపు నింపుకొన్న డక్కలివారి చేతిలో ఒక తంత్రీవాద్యము తరతరములుగా బ్రదికి వచ్చినదనియు, దానికొక నిశ్చితమైన వాదనవిధానము కలదనియు చెప్పకున్నచో ఈ సీమ సంగీతచరిత్ర సగమే చెప్పినట్లగును. ఆ వాద్యము కిన్నెర. దానిని వేడుకగా మెచ్చుకొన్నవారు పెక్కుమంది. విద్యగా తూచి చూచినవారు కొందఱే.

వెదురుదండి, దాని క్రింద ఎండిన సొరకాయ బుఱ్ఱలు, దండిమీద తంత్రులు, తంత్రుల క్రింద మైనముతో నిలిపిన మెట్లు: ఇంతయే దాని దేహము. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలములోని అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య వాయించు కిన్నెరకు మెట్లు పన్నెండు, బుఱ్ఱలు మూడు. పూర్వము అలుగు పొలుసులను మెట్లుగా అమర్చెడివారని చెప్పుదురు. ఇందు మైనముయొక్క గుణమును నిదానముగా గమనింపవలెను. కొయ్యలో దిగగొట్టిన మెట్టు కదలదు. మైనములో కూర్చున్న మెట్టునకు కొంచెము వేడి చూపి వెండ్రుకవాసి ముందునకో వెనుకకో జరుపవచ్చును. కావున శ్రుతి చేయుట బిరడాలతో ముగిసిపోవు పని కాదు. మెట్టు నిలిపిన చోటనే పాడువాని గొంతును, కథ నడచు వరుసయు, వినువారి చెవియు ఇమిడియుండును.

ఈ మైనపు పని నిన్న మొన్న పుట్టినది కాదు. పదుమూడవ శతాబ్దిలో దేవగిరి యాదవుల ఆస్థానమున శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరమున కిన్నరీవీణా లక్షణము చెప్పబడినది. గ్రద్ద యెముకలను మెట్లుగా గైకొని, కాల్చిన గుడ్డ మసి కలిపిన మైనముతో వానిని దండికి అంటింపవలయునని అందలి విధానము. పాల్కురికి సోమనాథుని బసవపురాణమునందు కిన్నర బ్రహ్మయ్య యను శివభక్తుని కథయే కలదు. సంస్కృతపండితుడు గ్రంథస్థము చేసిన పనిని, అక్షరమెఱుగని డక్కలి పెద్ద తన కొడుకునకు చేతితో చూపి నేర్పుచు వచ్చెను. ఆ విద్య వాడనుండియే గ్రంథమునకు ఎక్కినదని నా నమ్మకము.

మొగులయ్య వాదనములో ముఖ్యమైనది వేగము కాదు, సందు. పాలమూరు సీమలో కలవారి గాదెలు కొట్టి పేదలకు పంచిన పండుగ సాయన్న కథ నెత్తుకొన్నప్పుడు, గొంతు పోయిన వరుసనే తంత్రి వెన్నంటి పోవును. గొంతు ఊపిరి తీసికొనుచోట తంత్రి ఒంటిగా నిలిచి, అదే వరుసను కుదించి మఱల పలుకును. ఆ క్షణములోనే వినువానికి సాయన్న చేసినది మనస్సున పట్టించుకొనుటకు వ్యవధి చిక్కును. మన నడిగడ్డవలెనే పత్తి పండు మిసిసిపీ చేలలో కూలి చేసి పెరిగిన బి.బి. కింగ్ (1925–2015) కూడ పాడునపుడు మీటక, మీటునపుడు పాడక, తన గొంతునకు గిటారుచేత బదులు చెప్పించెడివాడు. రాక్ సంగీతమున ప్రసిద్ధులైన గిటారు వాదకులు పెక్కుమంది ఆయనకు ఋణపడినవారే. జిమీ హెండ్రిక్స్ (1942–1970) మార్గము వేఱు. విద్యుద్యంత్రము పెట్టు హోరునే అతడు స్వరముగా వంచి వాడుకొనెను.

వీణకు వచ్చినచో, ఇరువదినాలుగు మెట్లును మైనముమీదనే నిలిచియుండగా, ఈమని శంకరశాస్త్రి (1922–1987) ఒక్క మీటుతో తంత్రిని ప్రక్కకు లాగి, ఒకే మెట్టుమీద పలు స్వరములను పలికించి, వీణను గాత్రమునకు చేరువ చేసెను. ఆయన శిష్యుడైన చిట్టిబాబు (1936–1996) మీటులోని తేటదనమును, మాధుర్యమును సాధించి, కోకిల కూతను తంత్రిపై పలికించి సామాన్యులను వీణవైపునకు త్రిప్పెను. గురువును అనుకరింపకయే ఆ గురువు శిష్యుడనిపించుకొనుట ఉత్తమ సంప్రదాయ లక్షణము.

పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ చేసినది మఱింత సాహసము. మాండొలిన్‌కు జంటజంటలుగా ఎనిమిది తంత్రులుండుట ఆచారము. జంటను కలిపి లాగి గమకము తీయుట కష్టము, మీటిన నాదము క్షణములో అణగిపోవును. ఆయన ఒంటి తంత్రులైదు గల విద్యున్మాండొలిన్‌ను చేతబట్టి ఆ రెండు చిక్కులను విడదీసెను. ఆయనతో రిమెంబర్ శక్తి బృందములో వాయించిన జాన్ మెక్‌లాలిన్, అంతకు ముందే 1970ల నాటి శక్తి బృందమునకై, మెట్ల నడుమ కొయ్యను గుంటలుగా చెక్కించిన గిటారును వాడియుండెను. తంత్రిని లోనికి నొక్కి స్వరమును వంచుటకే ఆ గుంటలు. పడమటి వాద్యము మన గమకముకొఱకు తన దేహమునే మార్చుకొన్నదనుటకు ఇంతకన్న నిదర్శనమేల?

ఈమనివారి వీణకు శిష్యులు కలరు, శ్రీనివాస్ మాండొలిన్‌కు శిష్యులు కలరు, హెండ్రిక్స్ ధ్వనిముద్రికలను వినివిని వ్రేళ్లు కాయలు గాచుకొన్న యువకులు దేశదేశముల కలరు. కిన్నెరకో? 2021లో భీమ్లా నాయక్ చలనచిత్రపు పాటతో మొగులయ్య గొంతు ఇంటింటను వినబడెను. 2022లో పద్మశ్రీ ప్రకటింపబడెను. ఆ గౌరవము ఉచితమే, ఆలస్యముగానైనను వచ్చినందుకు మనసార సంతసించితిని. కాని బిరుదము వ్యక్తికి చెందును. మెట్టు నిలుపు కొలత మఱియొకని చేతికి చేరిననే గాని వాద్యము నిలువదు. మన సంగీతకళాశాలలలో వీణ, వయొలిన్ తరగతుల ప్రక్కనే కిన్నెరకును చాప పఱచి, డక్కలి బాలురకు భోజనమును వేతనమును ఇచ్చి, వారి పెద్దలనే గురువులుగా కూర్చుండబెట్టవలెను. తొలియేడు బుఱ్ఱ నెంచుట, ఎండబెట్టుట, మైనము కాచుట నేర్పి, ఆ పిమ్మటనే వాయింపనీయవలెను. ఏలయన సాయన్న వరుస సరిగా పలుకుటకు ఏ మెట్టును ఎంత జరుపవలెనో, ఆ మెట్టును తన చేత నిలిపినవానికే తెలియును.