బరువు దించే యాంప్లిఫయర్

టవర్ స్పీకర్లు కొన్నవారిలో చాలామందికి ఏడాది తిరక్కుండానే విడిగా ఒక పవర్ యాంప్లిఫయర్ కూడా ఉండాలనిపిస్తుంది. బందరులోనైనా గుడివాడలోనైనా అందుకు చెప్పే కారణం ఒకటే, ఇంకా గట్టిగా వినిపించాలని. ఆ ఒక్క కారణంతో కొంటే డబ్బు దండగ. 100 వాట్ల చోట 200 పెడితే పెరిగేది 3 డెసిబెల్స్. తేడా ఉందని చెవికి తెలుస్తుంది, అంతే. శబ్దం రెట్టింపైనట్టు తోచాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే 1000 వాట్లు. మామూలు ఇంటి స్పీకర్ కాయిల్ దాన్ని తట్టుకోదు. అయినా మన డెల్టా ఇళ్లలో విడి యాంప్లిఫయర్‌కి చోటుందనే నేనంటాను. గట్టిగా మోగించడానికి కాదు, స్పీకర్లన్నిటినీ నడిపే హోమ్ థియేటర్ రిసీవర్ మీది బరువు దించడానికి.

మన దగ్గర వినే సంగీతాన్నే చూడండి. మొవ్వ పక్కనున్న కూచిపూడి నాట్యానికి నట్టువాంగం, మృదంగం ప్రాణం. పాట సగటున 2 వాట్లతో సాగుతుండగా మృదంగం మీద ఒక దెబ్బ 15 డెసిబెల్స్ పైకి లేచిందనుకుందాం, ఆ క్షణానికి 60 వాట్లకు పైగా కావాలి. ఆ దెబ్బలోని బిగువు అక్కడే ఉంటుంది. రిసీవర్ అట్ట మీద కనిపించే వాట్లు సాధారణంగా రెండు చానళ్లను మాత్రమే నడిపి కొలిచినవి. అయిదో ఏడో చానళ్లు కలిసి పలికేటప్పుడు అన్నీ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద పడతాయి. పైగా 8 ఓమ్‌లని రాసి ఉన్న టవర్ కూడా కొన్ని స్వరాల దగ్గర 4కి, ఒక్కోసారి ఇంకా కిందికి జారుతుంది. అక్కడ అది రెట్టింపు కరెంటు లాగుతుంది. అందించలేని రిసీవర్ శబ్ద తరంగం కొనను కోసేస్తుంది, అది ఎక్కువసేపు సాగితే ట్వీటర్‌కి చేటు. ఏప్రిల్, మే నెలల ఉక్కలో అద్దాల తలుపులున్న షోకేసులో బిగించిన రిసీవర్ వేడి సంగతి చెప్పనక్కర్లేదు. ముందున్న రెండు టవర్ల భారం బయటి యాంప్లిఫయర్ ఎత్తుకుంటే మిగతా చానళ్లకు ఊపిరి ఆడుతుంది, పెట్టె చల్లబడుతుంది.

పన్నెండడుగుల హాలుకి ఇంత హంగామా ఎందుకంటారా? న్యాయమైన ప్రశ్నే. ఒక వాట్‌కి మీటరు దూరంలో 88 డెసిబెల్స్ ఇచ్చే టవర్, 3 మీటర్ల దూరాన కూర్చున్నవారికి గదిలో దాదాపు 82 ఇస్తుంది. సినిమా హాలు ప్రమాణంలో శిఖరం 105; దానికి 200 వాట్లు కావాలి. కానీ అంతకంటే 10 డెసిబెల్స్ తగ్గించి వింటే 20 వాట్లు చాలు. ఇళ్లలో వినేది దాదాపు ఎప్పుడూ అలా తగ్గించే. గుడివాడ దగ్గరి చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల పాటలు రాత్రి భోజనాలయ్యాక మెల్లగా పెట్టుకోవడమే ముఖ్యమైతే యాంప్లిఫయర్ అక్కర్లేదు. పెద్ద హాలు, 4 ఓమ్‌ల టవర్లు, ఏడు చానళ్ల సినిమాలు, ఈ మూడింటిలో రెండైనా ఉంటేనే ఆలోచించాలి. అప్పుడు కూడా ముందుగా 80 హెర్ట్జ్ కింది శబ్దాన్ని సబ్‌వూఫర్‌కి మళ్లించి చూడాలి. సబ్‌వూఫర్ ఉన్నవారికి అది ఖర్చులేని మందు.

మైక్ సెట్ షాపులో పాత యాంప్లిఫయర్ చవగ్గా దొరుకుతుంది కదా అనే మాటా వినిపిస్తుంది. వాటిలో చాలావాటికి హారన్‌ల కోసం 100 వోల్ట్‌ల లైన్ టెర్మినల్స్ ఉంటాయి. ఇంటి టవర్‌ని పొరపాటున కూడా వాటికి కలపకూడదు.

కొనాలని తేలాక అసలు నేర్పు కలపడంలో ఉంది. రిసీవర్‌కి ప్రీ అవుట్, అంటే బయటి యాంప్లిఫయర్‌కి సిగ్నల్ పంపే సాకెట్, ఉండాలి. లేదని దాని స్పీకర్ తీగలు తెచ్చి యాంప్లిఫయర్ ఆర్‌సీఏ ఇన్‌పుట్‌లో దూర్చితే రెండూ పాడవ్వచ్చు. టవర్ వెనక రెండు జతల టెర్మినల్స్ ఉంటే వాటిని కలిపే ఇత్తడి పట్టీలు, ఒకే యాంప్లిఫయర్ వాడేటప్పుడు ఉంచాలి. రెండు యాంప్లిఫయర్లతో నడిపేటప్పుడు మాత్రం తప్పకుండా తీసేయాలి, లేకపోతే ఒకదాని అవుట్‌పుట్ రెండోదానికి ఎదురు తగులుతుంది. తర్వాత రిసీవర్‌లో లెవెల్స్ మళ్లీ సరిచేయాలి. ముందు రిసీవర్ ఆన్, చివర యాంప్లిఫయర్, ఆపేటప్పుడు తలకిందులు. ఫీడర్ చివరి ఇళ్లలో వోల్టేజ్ జారుతుందని టీవీ స్టెబిలైజర్‌కే యాంప్లిఫయర్‌నీ తగిలిస్తారు; పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఆన్ కాగానే లాగే కరెంటుకి అది సరిపోదు. గుంయ్‌మనే హమ్ వస్తే ప్లగ్ మూడో పిన్ను విరిచేవారున్నారు. అది ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. డిష్ కేబుల్ తీసి చూస్తే చాలాసార్లు దోషం అక్కడే దొరుకుతుంది. డెల్టా నేలలో తేమ, ఉప్పు ఉంటాయి గనుక ఎర్తింగ్ బాగానే దొరుకుతుంది, కానీ ఆ ఉప్పే పాతిన ఇనుప గొట్టాన్ని తినేస్తుంది. నాగాయలంక, కోడూరు వైపు సముద్రపు గాలికి స్పీకర్ తీగ కొసలు కూడా పచ్చబడతాయి. అక్కడ కళాయి పూసిన రాగి తీగ మేలు. వానాకాలం వెళ్లాక ప్లగ్ తీసి, టెర్మినల్స్ విప్పి, నల్లబడిన కొసను కత్తిరించి, మెరిసే రాగి బయటపడ్డాకే మళ్లీ బిగించాలి.