కన్యాశుల్కమున రెండు గురుశిష్య జంటలు

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున తొలిసారి ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో పెంచి మార్చిన రూపమును పొందినది. విమర్శకులు దీనిని సంఘసంస్కరణ నాటకమని కొనియాడిరి. పెద్దలును పిన్నలును కలసి ఒక కార్యమునకు పూనుకొన్నపుడు వారి పొత్తు ఎట్లుండవలెనను ప్రశ్నకు కూడ ఇందు సమాధానము కలదని మా తలంపు.

మొదటి జంట గిరీశము, వెంకటేశము. గురువువలన శిష్యునకు అబ్బినది చుట్ట కాల్చుట యొక్కటే. గిరీశము అప్పులవారి బారి తప్పించుకొనుటకే ఆ బాలుని వెంట కృష్ణరాయపురాగ్రహారము చేరెను. తాను ఎవరి ప్రయోజనమునకు మెట్టయినదియు వెంకటేశమునకు తెలియదు. రెండవ జంట కరటకశాస్త్రి, అతని శిష్యుడు. పసిపిల్లయైన సుబ్బిని వృద్ధుడైన లుబ్ధావధానులకు కట్టబెట్టకుండ ఆపుటకై శిష్యుడు ఆడువేషము దాల్చి పెండ్లికూతురగును. శాస్త్రి అతనికి ఉపాయమంతయు విప్పి చెప్పెను. శిష్యుని నేర్పు లేనిదే ఆ కార్యము ఒక్క అడుగైనను సాగదు. ఇది నిజమైన పొత్తు.

అయినను గురజాడవారు దీనిని నిర్దోషముగ చూపలేదు. పెండ్లికూతురు మాయమైన పిమ్మట లుబ్ధావధానులు హత్యానేరమున చిక్కుకొనెను. సుబ్బి బ్రదికినది గాని, తరువాతి దినమున ఎవరికేమగునో గురువును తలపోయలేదు, శిష్యుడును అడుగలేదు. పనిలో పాలు పంచుకొన్నవారు ఫలితమునకును పూచీపడవలెనని ఈ కథ హెచ్చరించుచున్నది.

ఈ విచారము ధర్మపురి తెలుగువారికి దూరపు మాట కాదు. 1965లో సేలమునుండి వేరుపడిన మన జిల్లానుండి 2004లో కృష్ణగిరి విడిపోగా, తెలుగువారు మిక్కిలిగానున్న హోసూరు ప్రాంతము అటు చేరినది. 2006నాటి చట్టముచే బడులలో తమిళము నిర్బంధమైనది. తెలుగు మాటాడుచు, తెలుగు అక్షరము చదువలేని పిల్లలు మన ఇండ్ల పెరుగుచున్నారు. సంఘములు నాటకమాడించునపుడు పెద్దలు పాత్రలు పంచుట, పిన్నలు బల్లలు మోయుట వాడుకయైనది. అది వెంకటేశపు పాలు.

కన్యాశుల్కమునే ఎత్తుకొందము. పిల్లవాడు సంభాషణలను తమిళలిపిలో వ్రాసికొనును. ఆ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరము. గిరీశమును కిరీశము కాకుండ కాపాడుటకు పెద్దల చెవి కావలెను. కాని పెద్దలకును విజయనగరపు నుడికారము క్రొత్తయే. మన ఇంటి తెలుగు వేరు. కనుక ఆ పలుకుబడిని ఇరువురును కూర్చుండి నేర్వవలసినదే.

కావున నాటకమును ఎన్నుకొనుట, ఖర్చు లెక్కించుట, తప్పులు దిద్దుట — ఈ మూటియందును యువకులకు, యువతులకు మాట చెల్లవలెను. పద్దు పుస్తకమును వారి చేతికీయుడు. లోటు వచ్చినచో పెద్దలును ప్రక్కన నిలువుడు. తెర లేచునాటికి సగము సంభాషణలైన పిల్లలు తెలుగు లిపిలో చదువగలిగినచో, ఆ ప్రదర్శనము నెగ్గినదని మేము భావింతుము.