హొసపేట పట్టిక, మైదుకూరు మడి

మైదుకూరు, చాపాడు వైపు రైతును కేసీ (కర్నూలు–కడప) కాలువ గురించి కదిలిస్తే తూము గురించి చెబుతాడు, లస్కరు గురించి చెబుతాడు, ఈసారి నీళ్లు ఎప్పుడొదులుతారని మననే ఎదురడుగుతాడు. ఆ ప్రశ్నకు సగం జవాబు కర్ణాటకలోని హొసపేటలో తయారవుతుంది. అక్కడి తుంగభద్ర బోర్డు ఏటా ఒక పట్టిక వేస్తుంది. ఇంజనీర్లు దాన్ని వర్కింగ్ టేబుల్ అంటారు. గవర్నమెంటు కాగితాల్లో ఇంత నేర్పు, ఇంత నిజాయితీ ఉన్నవి తక్కువని నా అభిప్రాయం. అందుకే దాన్ని పరిచయం చేస్తున్నాను.

తుంగభద్ర ఆనకట్ట మొదటి నుంచీ ఇద్దరి సొత్తు. 1945 ఫిబ్రవరి 28న ఎడమ గట్టున నిజాం పెద్ద కొడుకు బేరార్ యువరాజు, కుడి గట్టున మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ శంకుస్థాపన చేశారు. రెండు ప్రభుత్వాలు, రెండు గట్లు, నడుమ సుర్కీ సున్నంతో కట్టిన ఒకే రాతిగోడ. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు హొసపేట, బళ్లారి మైసూరు వైపు వెళ్లాయి. కాలువల కింద తడిసే మన పొలాలు ఇటు మిగిలాయి, నీళ్ల తాళం చెవి అటు ఉండిపోయింది. ఆంధ్ర రాష్ట్ర చట్టంలోనే దీనికి దారి చూపారు. తుంగభద్ర బోర్డు అలా పుట్టి 1955 నుంచి పని చేస్తోంది. అధ్యక్షుణ్ణి కేంద్రం నియమిస్తుంది. కేంద్రం, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌ల ప్రతినిధులు సభ్యులు. 2014 తర్వాత తెలంగాణ కూడా చేరింది.

ఈ బోర్డుకంటూ సొంత నిధి లేదు. ఒప్పుకున్న నిష్పత్తిలో రాష్ట్రాలు ఏటా డబ్బు కడతాయి, సిబ్బందిని కూడా డెప్యుటేషన్ మీద పంపుతాయి. గేటుకు గ్రీజు పూయడం దగ్గర్నుంచి కాలువ గండి పూడ్చడం దాకా ఆ వాటాల సొమ్ముతోనే. అలా కట్టినందుకు రాష్ట్రానికి దక్కేది ఏమిటి? పరాయి గడ్డ మీదున్న గేటు దగ్గర మాట చెల్లుబాటు. తన పరిధిలోని పనుల్లో బోర్డుకు రాష్ట్ర ప్రభుత్వపు అధికారాలే ఉంటాయి. ఆస్ట్రేలియాలో మర్రే నది మీద 1917లో ఏర్పడిన కమిషన్ కూడా ఇదే దారి తొక్కింది: కేంద్రం, మూడు రాష్ట్రాలు ఖర్చు పంచుకున్నాయి, రాష్ట్రాలు నీళ్లు పంచుకున్నాయి. కరువు సీమలు ఎక్కడున్నా చివరికి ఈ పద్ధతికే వస్తున్నాయి.

ఇక పట్టిక. కృష్ణా జలాల పంపకంపై బచావత్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పు ప్రకారం తుంగభద్ర జలాశయం నుంచి వాడుకోదగ్గది 212 టీఎంసీలు. ఆవిరయ్యే నీటికి మరో 18 విడిగా లెక్కగట్టారు. 212లో కర్ణాటకది 138.99, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది 73.01. ఆ 73.01 నాలుగు ముక్కలు: ఎగువ కాలువకు 32.5, దిగువ కాలువకు 24, కేసీ కాలువకు 10, ఇప్పుడు తెలంగాణ వాటాగా ఉన్న రాజోలిబండ మళ్లింపు పథకానికి 6.51. కూడి చూడండి, చివరి అంకె దాకా సరిపోతుంది. పులివెందుల బ్రాంచి కాలువ, జమ్మలమడుగు పక్కనున్న మైలవరం జలాశయం ఎగువ కాలువ వాటా మీద ఆధారపడ్డవి. మైదుకూరు కేసీ వరుసలో ఉంది. అంటే కడప జిల్లా పడమటి సగం బతుకు ఈ పట్టికలో రెండు వరుసలు.

అసలు పనితనం కొరత ఏట కనిపిస్తుంది. 212 ఏటా రావు. నీటి సంవత్సరం జూన్‌లో మొదలవుతుంది. ఆ ఏడు ఎన్ని వస్తాయో బోర్డు అంచనా వేసి, రాష్ట్రాలతో మాట్లాడి, అందరి వాటానూ ఒకే నిష్పత్తిలో కుదిస్తుంది. 170 టీఎంసీలే వస్తాయనుకుందాం. అప్పుడు కేసీకి 8.02, ఎగువ కాలువకు 26.06. ఎగువనున్నవాడికి ముందు నింపి మిగిలింది కిందకు వదలడం ఇందులో లేదు. కొరతలో కూడా అందరికీ అదే కోత. వాన తీరు మారితే మధ్యలో పట్టికను మళ్లీ సవరిస్తారు. జలాశయం పూడిక లెక్క కూడా దాచరు. మొదట 133 టీఎంసీలు పట్టిన చెరువు 2016 సర్వేలో 105.78కి తగ్గిందని తేలితే ఆ అంకెతోనే లెక్కలు వేస్తున్నారు.

పట్టికలో అంకె ఉన్నంత మాత్రాన నీళ్లు రావు. కేసీ అధికారులు ఇండెంట్ పెట్టాలి: ఏ తేదీ నుంచి, ఎన్ని క్యూసెక్కులు. 2,000 క్యూసెక్కుల చొప్పున అడిగితే 10 టీఎంసీలు దాదాపు 58 రోజులు వస్తాయి. పైగా ఇవి కాలువలో రావు, నదిలోనే వదులుతారు. రాజోలిబండ దాటి, కేసీ కాలువ మొదలయ్యే సుంకేసుల చేరేలోపు ఇసుక తాగుతుంది, ఎండ తాగుతుంది. కాబట్టి రాజోలిబండ ఇండెంట్‌నూ కేసీ ఇండెంట్‌నూ కలిపి ఒకేసారి వదిలించుకోవడం తెలివైన పని. ధార పెద్దదైతే దారినష్టం తక్కువ. రెండు రాష్ట్రాల ఇంజనీర్లు కూడబలుక్కుని తేదీలు కుదుర్చుకోవడం నాకు ఈ వ్యవహారంలో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం.

శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు, బనకచెర్ల మీదుగా కృష్ణ నీళ్లు కేసీలో కలుస్తున్నాయి కదా, ఈ పది టీఎంసీలు ఎంతని అనేవాళ్లున్నారు. శ్రీశైలంలో మట్టం పడిపోయిన ఏట ఈ పది పెద్ద ఆసరా. 1863–70 మధ్య మద్రాసు ఇరిగేషన్ కంపెనీ పడవల రాకపోకలకు కూడా పనికొచ్చేలా తవ్విన 306 కిలోమీటర్ల కాలువ ఇది. 1882లో సర్కారు కొనుక్కుంది. దీని కింద రెండు లక్షల అరవై అయిదు వేల ఎకరాల ఆయకట్టు ఉంది.

ఈ ఉమ్మడి కట్టడం ఎంత గట్టిదో 2024 ఆగస్టు 10 రాత్రి తేలింది. నిండు జలాశయంలో పందొమ్మిదో గేటు గొలుసు తెగి, అరవై అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల ఎత్తున్న గేటు కొట్టుకుపోయింది. గేట్ల పనిలో జీవితం గడిపిన కన్నయ్య నాయుడిని పిలిపించారు. జలాశయాన్ని మొత్తం ఖాళీ చేసే వ్యవధి లేదు, నీళ్లు వదులుకుంటే మూడు రాష్ట్రాల పంటా పోతుంది. నాలుగడుగుల ఎత్తున్న ఉక్కు పలకలు ఐదు చేయించారు. పారుతున్న ప్రవాహంలోకే క్రేన్లతో దించి, ఒకదాని మీద ఒకటి పేర్చారు. ఆగస్టు 17 నాటికి ఐదూ కూర్చున్నాయి. ఆ వారంలో గట్టు మీద కన్నడం, తెలుగు కలిసి పని చేశాయి.

మన నీటి సంఘాలకు ఒక విన్నపం. ఏటా హొసపేటలో పట్టిక ఖాయం కాగానే కేసీ, ఎగువ కాలువ వరుసల్ని తెలుగులో రాయించి మైదుకూరు, జమ్మలమడుగు, పులివెందుల సంఘాల ఆఫీసుల గోడల మీద అంటించండి. పక్కనే ఇండెంట్ తేదీలు, రోజువారీ క్యూసెక్కులు వేయండి. వాటా సొమ్ము మన ఖజానా నుంచి వెళ్తోంది, లెక్క చూసుకునే హక్కు మన రైతుకుంది.